రెండు సూదుల అల్లిక: కుట్టు జారితే మొత్తం విప్పేయకండి

సూదులు, ఊలు కొనే ముందు ఇంట్లో పాత బనియన్ ఒకటి తీసుకుని కిటికీ దగ్గర కూర్చోండి. దాని బయటి వైపును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. సన్నటి జడలు నిలువుగా, పక్కపక్కనే వేలాడుతున్నట్టు ఉంటాయి. తిరగేసి లోపలి వైపు చూస్తే అడ్డంగా చిన్న చిన్న బుడిపెలు, వరుస మీద వరుస కనిపిస్తాయి. ఇప్పుడు ఒక మంగళగిరి చీరను దాని పక్కన పెట్టండి. చీర నేసింది. పడుగు దారాలు నిలువుగా, పేక దారం అడ్డంగా ఒకదాని కింద ఒకటి దూరుతూ పోతాయి. బనియన్ అల్లింది. దారం ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చుగా బయటికొస్తూ, కింది వరుసను పట్టుకుని పై వరుస నిలబడుతుంది. బనియన్ సాగడానికి, చీర సాగకపోవడానికి కారణం ఇదే. బనియన్‌కి చిన్న చిల్లు పడితే అది నిచ్చెనలా జారిపోవడానికీ కారణం ఇదే.

ఈ పది నిమిషాలు వృథా అనుకోకండి. అల్లిక మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఆడపిల్లల్ని, పెద్దవాళ్లని చాలామందిని చూశాను. చేయి తిరగక వదిలేసిన వాళ్లు తక్కువ. కుట్టు ఎలా ఉంటుందో తెలియక, ఎక్కడ తప్పు జరిగిందో కనిపించక, మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అలా మూడోసారి విప్పాక సూదులు అటక ఎక్కుతాయి. అందుకే ఇక్కడ వేయడం ఎంత చెబుతానో, చూడటం, సరిచేయడం అంతకంటే ఎక్కువ చెబుతాను.

ఇంకో మాట. మన దగ్గర అల్లిక అనగానే చాలామందికి నరసాపురం లేసు గుర్తొస్తుంది. అది క్రోషియా. కొక్కెం ఉన్న ఒక్క సూదితో చేస్తారు, ఒక్కో కుట్టు పూర్తయ్యేసరికి సూది మీద ఒక్క ఉచ్చే మిగులుతుంది. ఇక్కడ చెప్పేది రెండు సూదులతో చేసే స్వెట్టర్ అల్లిక. ఇందులో వరుసంతా సూది మీదే ఉంటుంది. అయినా ఒక క్రోషియా సూది కొని పెట్టుకోండి. తర్వాత అదే మనల్ని ఆదుకుంటుంది.

కొనేటప్పుడు

విజయవాడలో అయితే వన్‌టౌన్‌లో గానీ, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల గానీ లేసులు, బటన్లు, ఫాల్స్ అమ్మే టైలరింగ్ మెటీరియల్ షాపుల్లో అడగండి. గుంటూరు వాళ్లు పట్నం బజారు వైపు వెళ్లి చూడండి. "స్వెట్టర్ సూదులు" అంటే షాపువాళ్లకు అర్థమవుతుంది. మొదటిసారికి 8 నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి తీసుకోండి.

ఈ నంబరు దగ్గర చాలామంది పొరబడతారు. మన దగ్గర దొరికే సూదుల మీద ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. అందులో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు 4 మిల్లీమీటర్లయితే, 10 నంబరు 3.25, 12 నంబరు 2.75. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది, వాళ్ల 8 నంబరు 5 మిల్లీమీటర్లు. అమెరికాలో ఉన్న అమ్మాయి పంపిన డిజైన్ చూసి ఇక్కడి 8 నంబరుతో అల్లితే కొలత కుదరదు. అందుకే ఎప్పుడూ మిల్లీమీటర్లే చూడండి.

ఊలు లేత రంగులో, మధ్యస్తమైన లావులో, నున్నగా ఉన్నది తీసుకోండి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్టు కనిపించదు. నూగు లేచినట్టుండే ఊలు చూడ్డానికి ముద్దుగా ఉన్నా, అందులో తప్పు దొరకదు, విప్పబోతే చిక్కుపడుతుంది. షాపులో ఊలు పేరుతో దొరికేది చాలావరకు అక్రిలిక్. నేర్చుకోవడానికి అది చాలు. నూలు దారం మన వాతావరణానికి హాయిగా ఉంటుంది కానీ సాగదు కాబట్టి మొదట్లో వేళ్లు నొప్పెడతాయి. రెండో ముక్కకి దాన్ని తీసుకోవచ్చు. వెదురు సూదులు దొరికితే అవే కొనండి, వాటి మీద కుట్లు తొందరగా జారవు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట అల్లకండి. అరచేతికి చెమట పట్టి ఊలు సూదికి అతుక్కుంటుంది, మీరు గట్టిగా లాగుతారు, కుట్లు బిగుసుకుపోతాయి. పొద్దున్నే, లేదా దీపాలు పెట్టాక కూర్చోండి. కారం, పసుపు ముట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడుక్కోండి. లేత రంగు ఊలు మీద పసుపు మరక పడితే పోదు. ఊలు ఉండను ఒక స్టీలు గిన్నెలో వేసుకుంటే అది ఇల్లంతా దొర్లదు.

కుట్లు ఎక్కించడం

దారం చివర ఒక జానెడు వదిలి ఉచ్చుముడి వేయండి. ఎడమచేతి సూదికి తొడిగి, జారేంత వదులుగా ఉంచండి. కుడి సూది మొనను ఆ ఉచ్చులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి. ఉండ వైపున్న దారాన్ని కుడి సూది మొన కింది నుంచి తెచ్చి, పైనుంచి రెండు సూదుల మధ్యకు దించండి. ఆ దారాన్ని కుడి సూదితో ఉచ్చులోంచి ముందుకు లాగండి. కొత్త ఉచ్చు వస్తుంది. పాతదాన్ని వదలకుండా, ఈ కొత్తదాన్ని కూడా ఎడమ సూదికి తొడిగేయండి. ఇప్పుడు రెండు కుట్లు. ఇలా 24 ఎక్కించండి.

ఎక్కించడానికి ఇంకా చాలా పద్ధతులున్నాయి. ఇదే ఎందుకు చెబుతున్నానంటే, ఇది నేర్చుకుంటూనే మీరు నిట్ కుట్టు ముప్పావు వంతు నేర్చేసుకున్నారు.

నిట్ కుట్టు

దారం వెనక ఉండాలి. మనసులో నాలుగు మాటలు పెట్టుకోండి: దూర్చు, చుట్టు, లాగు, జార్చు. ఎడమ సూది మీదున్న మొదటి కుట్టులోకి కుడి సూదిని దూర్చాలి. దారాన్ని ఇందాకటిలాగే, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా, కుడి సూదికి చుట్టాలి. ఆ దారాన్ని ముందుకు లాగాలి. ఈసారి పాత కుట్టును ఎడమ సూది మీంచి జార్చేయాలి. కొత్త కుట్టు కుడి సూది మీద ఉంటుంది.

వరుస అయిపోయాక సూదులు చేతులు మార్చుకోండి. నిండుగా ఉన్నది ఎడమ చేతికి, ఖాళీది కుడి చేతికి. మళ్లీ అదే. మొదటి పది వరుసలు వంకరటింకరగా వస్తాయి, రానివ్వండి. ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. ప్రతి వరుస చివర కుట్లు లెక్కపెట్టండి. 24 ఉండాలి. తేడా వస్తే తప్పు ఈ వరుసలోనే ఉందని తెలుస్తుంది, వెతకడం సులువు.

అన్ని వరుసలూ నిట్ వేస్తే రెండు వైపులా గట్లు గట్లుగా వస్తుంది. ఒక గట్టు అంటే రెండు వరుసలు. వరుసలు లెక్కపెట్టాల్సి వస్తే గట్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి.

పర్ల్ కుట్టు, రెండు ముఖాలు

పర్ల్‌కి దారం ముందుకు రావాలి. కుడి సూదిని కుట్టులోకి వెనక నుంచి ముందుకు, కుడి నుంచి ఎడమకు దూర్చండి. మొన ఎడమ సూది ముందుకు వస్తుంది. దారాన్ని దాని పైనుంచి వేసి చుట్టండి, కుట్టులోంచి వెనక్కి తీసుకోండి, పాతదాన్ని జార్చండి.

నిట్, పర్ల్ వేరువేరు కుట్లు కావు. ఒకే కుట్టుకి ముందు ముఖం నిట్, వెనక ముఖం పర్ల్. బనియన్‌లో చూశారుగా. సూది కింద జడ పాయలా కనిపిస్తే నిట్. సూది కింద మెడకు అడ్డంగా మెంతిగింజంత బుడిపె ఉంటే పర్ల్. ఇది గుర్తుపట్టడం వచ్చిన రోజు నుంచి మీకు కాగితం మీద రాసుకోవాల్సిన అవసరం చాలా తగ్గిపోతుంది. ఉదాహరణకు స్వెట్టర్ చేతి అంచులా సాగే అంచు కావాలంటే రెండు నిట్, రెండు పర్ల్ వేస్తూ పోతారు. తర్వాతి వరుసలో ఎక్కడున్నానా అని టెన్షన్ పడక్కర్లేదు. జడ కనిపించిన చోట నిట్, బుడిపె కనిపించిన చోట పర్ల్.

ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ వేస్తే బనియన్ లాంటి నున్నటి ముఖం వస్తుంది. దాని అంచులు చుట్టుకుపోతాయి. ఇది మీ తప్పు కాదు, ఆ అల్లిక గుణమే అంత. కత్తిరించిన బనియన్ గుడ్డ అంచు చుట్టుకోవడం లేదా? ఇస్త్రీ పెట్టినా ఆగదు. మొదట, చివర ఆరేసి వరుసలు, రెండు పక్కలా నాలుగేసి కుట్లు ఎప్పుడూ నిట్టే వేస్తే అంచు చదునుగా నిలుస్తుంది.

కుట్లు వాటంతటవే పెరిగిపోతుంటే

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనకోడలు ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, ముప్పై కుట్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు నలభై ఒకటి ఉన్నాయి. నేనేమీ పెంచలేదు. రెండుసార్లు విప్పాను, మళ్లీ అంతే." గొంతులో ఏడుపు తెలుస్తోంది. ఫొటో పంపమన్నాను. ముక్క కింద సన్నగా, పైన వెడల్పుగా, తాటాకు విసనకర్రలా విచ్చుకుని ఉంది. మధ్యలో ఎక్కడా చిల్లు లేదు. మధ్యలో చిల్లు లేకుండా వెడల్పు పెరిగిందంటే తప్పు అంచు దగ్గరే ఉన్నట్టు.

జరిగేది ఇది. వరుస తిప్పి కొత్త వరుస మొదలుపెట్టేటప్పుడు, దారం ముందు వేలాడుతూ ఉంటుంది. దాన్ని వెనక్కి పంపాలని సూది మీదుగా పైనుంచి వెనక్కి వేస్తాం. అప్పుడు మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ సూది మీద రెండు కుట్లలా కనిపిస్తాయి. రెంటిలోనూ అల్లేస్తాం. ఒక కుట్టు పెరిగింది. దారాన్ని సూది కిందుగా వెనక్కి తీసుకెళ్లండి, అంతే. వరుస మొదలుపెట్టే ముందు దారాన్ని ఒకసారి కిందికి లాగి, మొదటి కుట్టు ఒక్కటిగా ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఆ పిల్లకి ఫోన్‌లో ఈ ఒక్క మాటే చెప్పాను. విప్పొద్దన్నాను. పెరిగిన కుట్లను రెండు రెండు కలిపి, అంటే సూదిని రెండు కుట్లలోకి ఒకేసారి దూర్చి ఒక్కటిగా వేయించి, ఆ ముక్కనే చివరిదాకా అల్లించాను.

మధ్యలో చిన్న చిల్లులు ఉండి కుట్లు పెరిగితే కారణం వేరు. నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి ముందుకి తేవాలి. అలా తేవడం మరిచిపోయి సూది మీదుగా వేస్తే అదనంగా ఒక చుట్టు పడుతుంది. తర్వాతి వరుసలో చూస్తే ఒక దారం సూది మీద ఏటవాలుగా పడి ఉంటుంది, దాని కింద కుట్టు మెడ ఉండదు. దాన్ని అల్లకుండా సూది మీంచి జార్చేయండి. కొంచెం వదులు కనిపిస్తుంది, పక్క కుట్లను సూది మొనతో సర్దితే అదీ పోతుంది.

కుట్టు జారిపోతే

లెక్కలో ఒకటి తగ్గింది, వరుస కింద ఎక్కడో ఒక ఉచ్చు దిక్కులేకుండా ఉంది. మొదట చేయాల్సింది, ముక్కను లాగకుండా ఉండటం. సాగదీసి చూస్తే ఇంకో రెండు మెట్లు దిగిపోతుంది. ముక్కను బల్ల మీద పరిచి, ఆ ఉచ్చులో ఒక పిన్నీసు గుచ్చండి. ఇక అది ఎక్కడికీ పోదు. వెళ్లి కాఫీ తాగి రండి, నిజంగానే చెబుతున్నాను. కంగారులో సరిచేసిన కుట్టు మెలిపడుతుంది.

ఇప్పుడు జడ ముఖం మీ వైపు పెట్టుకోండి. జారిన ఉచ్చు పైన, సూది దాకా, అడ్డంగా దారాలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఎన్ని మెట్లుంటే అన్ని వరుసలు జారింది. పిన్నీసు తీసి క్రోషియా సూదిని ముందు నుంచి ఉచ్చులోకి దూర్చండి. అన్నిటికంటే కింది మెట్టును కొక్కెంతో పట్టి ఉచ్చులోంచి ముందుకు లాగండి. జడకి ఒక పాయ చేరుతుంది. ఆ కొత్త ఉచ్చులోంచి దాని పై మెట్టు, తర్వాత ఇంకో పై మెట్టు. మెట్లు వరుస తప్పకూడదు. ఒకటి దాటేస్తే వెనక వైపు ఒక దారం వదులుగా వేలాడి మీకే కనిపిస్తుంది. పైకి చేరాక ఆ ఉచ్చును ఎడమ సూదికి తొడిగేయండి. మొదటిసారి ఇలా నాలుగు మెట్లు ఎక్కించినప్పుడు మీకు కలిగే ధైర్యం, పది వరుసలు తప్పులేకుండా అల్లినా రాదు. అందుకే నేర్పేటప్పుడు నేను కావాలనే ఒక కుట్టు జార్చి చేతికిస్తాను.

గట్ల అల్లికలో జారితే ఒక మెట్టు ఎక్కించాక ముక్కను తిప్పి, అవతలి వైపు నుంచి తర్వాతి మెట్టు ఎక్కించండి. ఒక మెట్టు ఇటు, ఒక మెట్టు అటు.

సూదికి తొడిగేటప్పుడు ఒకటి గమనించాలి. గుర్రం మీద కూర్చున్న మనిషికి ఒక కాలు ఇటు, ఒక కాలు అటు ఉన్నట్టే, ప్రతి కుట్టుకీ సూదికి ముందొక కాలు, వెనకొక కాలు ఉంటాయి. కుడి కాలు ముందు ఉండాలి. ఎడమ కాలు ముందుంటే ఆ కుట్టు అల్లినప్పుడు కింద కాళ్లు మెలేసుకుంటాయి. ముక్కలో అక్కడక్కడా ఇలాంటి మెలికలు కనిపిస్తే కుట్టు తిరగబడి ఎక్కిందని, వరుస వరుసంతా అవే అయితే దారాన్ని ఎదురు దిక్కులో చుడుతున్నారని అర్థం.

బిగుతు, మధ్యలో లేచిపోవడం

సూది దూరనంత బిగుతుగా వస్తుంటే మీరు సూది కొసన అల్లుతున్నారు. కొస సన్నగా ఉంటుంది, దాని మీద వేసిన ఉచ్చు లావు భాగానికి వచ్చేసరికి చాలదు. కొత్త కుట్టును సూది లావుగా ఉన్న చోటిదాకా నెట్టి, అప్పుడు పాతదాన్ని జార్చండి. ప్రతి కుట్టుకీ దారాన్ని బిగించాలనిపిస్తుంది. బిగించకండి.

కుక్కర్ విజిల్ వచ్చినా, బెల్లు మోగినా వీలైతే వరుస పూర్తిచేసి లేవండి. కుదరకపోతే, తిరిగొచ్చాక ఉండ వైపు దారం ఏ సూది నుంచి వేలాడుతోందో చూసుకోండి. ఆ సూది కుడిచేతిలో ఉండాలి. తిరగేసి పట్టుకుని అల్లితే ఒక పక్క రెండు వరుసలు ఎక్కువై, అక్కడ చిల్లు పడుతుంది.

విప్పక తప్పనప్పుడు

తప్పు ఇదే వరుసలో ఉంటే సూది తీయొద్దు. కుడి సూది మీదున్న కుట్టు కిందే దాని తల్లి కుట్టు ఉంటుంది. ఎడమ సూదిని దానిలోకి ముందు నుంచి దూర్చి, పై కుట్టును వదిలి, దారం లాగండి. ఒక కుట్టు వెనక్కి వెళ్లారు. తప్పు దగ్గరికి చేరేదాకా ఇలాగే.

తప్పు పది వరుసల కిందుంటే, ముందు సన్న సూది, 12 నంబరుది, తీసుకోండి. తప్పుకి కిందనున్న మంచి వరుసలో ప్రతి కుట్టు కుడి కాలు కిందుగా దాన్ని ఎక్కించుకుంటూ పోండి. 24 ఎక్కాయో లేదో లెక్కపెట్టి, అప్పుడు పెద్ద సూది తీసి దారం లాగండి. సన్న సూది దగ్గరికొచ్చి ఆగిపోతుంది. డిజైన్ కష్టమైనదైతే ప్రతి ఇరవై వరుసలకి వేరే రంగు కుట్టుదారాన్ని కుట్లన్నిటిలోంచి దూర్చి ఉంచండి. విప్పినా అక్కడికి వచ్చి ఆగుతుంది. ఇంతకుముందు చెప్పినట్టు, జారిన కుట్టుకీ, పెరిగిన కుట్టుకీ ఇంత పని అక్కర్లేదు.

మూయడం, మొదటి టోపీ

ముక్క అయిపోయాక కుట్లు విడిపోకుండా మూయాలి. రెండు కుట్లు నిట్ వేయండి. ఎడమ సూది మొనతో మొదటి కుట్టును ఎత్తి రెండోదాని మీదుగా దాటించి వదిలేయండి. ఇంకొకటి వేయండి, మళ్లీ దాటించండి. దారం తెంచి, చివరి కుట్టులోంచి లాగేయండి. మూత బిగుసుకుంటే ముక్క పైన కుంచించుకుపోతుంది, అందుకే మూసేటప్పుడు కుడిచేతిలోకి ఒక సైజు పెద్ద సూది తీసుకోండి. మిగిలిన దారాన్ని మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూదితో వెనక వైపు కుట్లలోకి దూర్చి దాచండి. ముడేసి కత్తిరిస్తే ఉతుకులో ఊడుతుంది.

అభ్యాసం ముక్క పూర్తయ్యాక దాన్ని పారేయకండి. మధ్యలో 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లున్నాయో స్కేలు పెట్టి లెక్కపెట్టండి. నున్నటి అల్లికలో 22 వచ్చాయనుకుందాం. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కాబట్టి 33కి లెక్క వేసుకుంటే 72 కుట్లు, నాలుగుతో భాగించబడే అంకె. రెండు నిట్, రెండు పర్ల్‌తో 4 సెంటీమీటర్ల అంచు వేయండి. తర్వాత ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌తో మొత్తం ఎత్తు 15 సెంటీమీటర్లు అయ్యేదాకా పోండి. ఒక నిట్ వరుసలో రెండేసి కలిపి వేస్తే 36 అవుతాయి. ఒక పర్ల్ వరుస. మళ్లీ రెండేసి కలిపితే 18. పొడుగ్గా దారం తెంచి, ఆ 18లోంచి దూర్చి బిగించి, అదే దారంతో పక్క కుట్టేయండి. పసిబిడ్డ టోపీకి కట్టుకునే తాళ్లు, పూసలు, బటన్లు పెట్టకండి. బిడ్డ నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయాలి, మన ఊళ్ల వేడిలో మరీను.

తొడిగే ముందు ఒకసారి చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి ముంచి తీయండి. పిండకండి, తువ్వాల్లో చుట్టి నొక్కితే నీళ్లు దిగిపోతాయి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది కాబట్టి చాప మీద, నీడలో పరిచి, అంచును చేత్తో సర్ది ఆరనివ్వండి. అక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, కరిగి బిళ్లకడుతుంది.